చంపావతి బేసిన్ మోడల్: ఆర్-స్క్వేర్డ్ 0.98 వచ్చింది, నూతుల్లో నీటిమట్టంతో మాత్రం పొసగడం లేదు

నెల్లిమర్ల_ఎంటెక్

అందరికీ నమస్కారం. విజయనగరం జిల్లా చంపావతి పరీవాహకానికి మోడ్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్‌లో భూగర్భజల మోడల్ కడుతున్నాను. ప్రాంతాన్ని గళ్లుగా విడగొట్టాను, ఒక్కో గడి (సెల్) 500 మీటర్లు. లేయర్లు రెండు: పైన 18 మీటర్ల మందాన శిథిలమైన ఖొండలైట్ (తూర్పు కనుమల రాయి), దాని కింద 60 మీటర్ల లోతు దాకా పగుళ్ల రాయి. పడమట కొండల అంచున నో-ఫ్లో (నీరు దాటని అంచు), కోనాడ దగ్గర సముద్రం వైపు కాన్‌స్టంట్ హెడ్ (మారని నీటిమట్టం) పెట్టాను. రీఛార్జి (ఇంకి భూగర్భజలంలో కలిసే నీరు) వానలో 9 శాతం, స్పెసిఫిక్ యీల్డ్ (మట్టం దిగితే పొర వదిలే నీటి వంతు) అంతటా 0.05.

మోడల్‌ని సరిచేయడానికి పోల్చే కొలతలు, అంటే క్యాలిబ్రేషన్ టార్గెట్లు, 22. వాటిలో నేల నూతులు ఉన్నాయి, పీజోమీటర్లు (మట్టం కొలవడానికే వేసిన బోర్లు) ఉన్నాయి, రెండు మూడు బోర్లు ఉన్నాయి. మే నెల మట్టాలకు స్టెడీ స్టేట్ (కాలంతో మారని స్థితి) సరిచేశాను. తేడా అంటే కొలిచినది నుంచి మోడల్‌ది తీసేస్తే వచ్చేది. సగటు తేడా −0.4 మీ, ఆర్‌ఎంఎస్‌ఈ (తేడాల వర్గాల సగటుకు వర్గమూలం) 3.1 మీ. కొలిచిన మట్టాలు సముద్రమట్టానికి పైన 8 నుంచి 96 మీటర్ల దాకా ఉన్నాయి, అంటే పరిధి 88 మీ. దాంతో భాగిస్తే 3.5 శాతం. పది శాతం లోపు ఉంటే చాలని అంతా అంటారు. ఆర్-స్క్వేర్డ్ (కొలిచినవీ మోడల్‌వీ ఎంత కలిసి నడుస్తాయో చెప్పేది, గరిష్ఠం 1) 0.98.

ఇంతవరకు బాగానే ఉంది. నెలవారీగా నడిపేసరికి అసలు ఇబ్బంది బయటపడింది. మే నుంచి నవంబరుకి నూతుల్లో సగటున 4.2 మీటర్లు పైకొస్తే మోడల్‌లో 1.8 మీటర్లే వస్తోంది. స్టెడీ స్టేట్ అంత బాగా కుదిరిన మోడల్ ఇక్కడ ఎందుకు తప్పుతోంది? అసలు కుదిరిందో లేదో చూడడానికి ఏ లెక్క నమ్మాలి?

నూతిగట్టు

ఆ 0.98 మోడల్‌ది కాదు, నేల వాలుది. మెంటాడ వైపు నేల ఎత్తు, డెంకాడ వైపు పల్లం. నీటిమట్టం నేల వాలు వెంబడే దిగుతుంది. మోడల్ ఎంత మొరటుగా ఉన్నా పైన ఎక్కువ, కింద తక్కువ అని చెప్పిందంటే ఆర్-స్క్వేర్డ్ 0.95 దాటిపోతుంది. 88 మీటర్ల పరిధితో భాగించిన శాతానిదీ అదే సంగతి.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి, ఎక్సెల్ చాలు. ప్రతి టార్గెట్ దగ్గరా నేల ఎత్తు తీసుకోండి. 22 చోట్లా నీరు ఎంత లోతులో ఉందో సగటు కట్టండి. నేల ఎత్తులోంచి ఆ సగటు లోతు తీసేస్తే వచ్చేదాన్నే ఒక 'మోడల్' అనుకుని దాని ఆర్‌ఎంఎస్‌ఈ చూడండి. లెక్క ప్రకారం అది లోతుల స్టాండర్డ్ డీవియేషన్‌కి సమానం. హైడ్రాలజీ ఏమీ లేని ఈ లెక్క కన్నా మీ 3.1 మెరుగ్గా లేకపోతే, కండక్టివిటీ (పొర నీటిని ఎంత తేలిగ్గా పోనిస్తుందన్నది), రీఛార్జి అన్నీ కలిపి నేల మ్యాపు చెప్పని కొత్త విషయం ఏదీ చెప్పలేదన్నమాట.

చాలామంది 'హెడ్ (సముద్రమట్టం నుంచి నీటి ఎత్తు) బదులు నీటి లోతు పోలుస్తాం' అంటారు. ఒకే నేల ఎత్తు వాడినంత కాలం తేడా మీటర్లలో అంతే ఉంటుంది, ఆర్‌ఎంఎస్‌ఈ 3.1 గానే ఉంటుంది. మారేది పరిధి. మీ లోతులు 2 నుంచి 11 మీటర్ల మధ్య ఉంటే పరిధి 9 మీ, శాతం 34. అదే తప్పు, కాకపోతే తగిన కొలబద్ద మీద కనిపిస్తుంది.

కాన్‌స్టంట్ హెడ్‌కి రెండు మూడు సెల్స్ దూరంలో ఉన్న టార్గెట్లను లెక్కలోంచి తీసేయండి. అక్కడ మట్టం మీరే ఇచ్చారు, మోడల్ కనిపెట్టింది ఏమీ లేదు. అవి ఉన్నంతసేపూ సగటు అందంగా కనిపిస్తుంది.

ఆ తర్వాత తేడాలను మ్యాపు మీద వేయండి, ప్లస్ ఒక రంగు, మైనస్ ఇంకో రంగు. సగటు −0.4 అన్నది కొండవార +3, పల్లంలో −3 ఉన్నా వస్తుంది. రంగులు చెదురుమదురుగా కలిసిపోతే మంచిదే. ఒకవైపు ఒకే రంగు గుంపుకడితే మోడల్ నిర్మాణంలోనే ఏదో తప్పు ఉంది. ఎగువన ప్లస్, దిగువన మైనస్ అయితే మోడల్ నీటివాలు అసలుకన్నా చదునుగా ఉన్నట్టు. కండక్టివిటీ ఎక్కువైంది, లేదా రీఛార్జి తక్కువైంది.

వీటన్నిటికన్నా ముందు వాటర్ బడ్జెట్ చూశారా? రాబడికీ పోబడికీ తేడా ఒక శాతం దాటితే సమీకరణాలు విప్పే సాల్వర్ సరైన జవాబుకు చేరలేదు. అప్పుడు టార్గెట్లతో పోల్చి లాభం లేదు, హెడ్ క్లోజర్ (సాల్వర్ లెక్క ఆపే హద్దు) 0.001 మీటర్లకు బిగించి మళ్లీ నడపండి. ఎన్ని సెల్స్‌లో నీరు నేలకన్నా పైకి లేచిందో, ఎన్ని ఎండిపోయాయో కూడా లెక్కపెట్టండి.

డంపీలెవెల్

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త. నూతిగట్టు మాస్టారు చెప్పిన పరీక్షలో నేల ఎత్తు రెండు వైపులా ఉంటుంది కాబట్టి దానిలో తప్పు రద్దయిపోతుంది. మోడల్‌కి ఆ వెసులుబాటు లేదు. ఎత్తులు ఎక్కడివో తేలకుండా మోడల్ ఓడిందని తీర్పు ఇవ్వకూడదు.

నేల ఎత్తులు ఎస్‌ఆర్‌టీఎం డెమ్ (అంతరిక్షం నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల మ్యాపు) నుంచి తీసుకున్నారా? ఆ మిషన్ పెట్టుకున్న నిలువు ఖచ్చితత్వ లక్ష్యమే 16 మీటర్ల లోపు. మైదానంలో అంతకన్నా బాగానే వస్తుంది గానీ, కొబ్బరి, జీడి తోటలున్న చోట చెట్ల తలలు కూడా ఎత్తులో కలిసిపోతాయి. టార్గెట్ నూతులకైనా డీజీపీఎస్ (ఖచ్చితత్వం పెంచిన జీపీఎస్) లేదా ఆటో లెవెల్ (ఎత్తు కొలిచే సర్వే పరికరం) పెట్టి బెంచ్‌మార్క్ (ఎత్తు తెలిసిన గుర్తు) నుంచి ఎత్తు తేవాలి. డీజీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ (భూమికి గణిత రూపం) నుంచి ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు. దాన్ని సముద్రమట్టానికి మార్చే జియాయిడ్ సవరణ చేయకపోతే మన తీరంలో 50 మీటర్లకు పైనే తేడా వస్తుంది. అంత పెద్ద తప్పు వెంటనే పట్టుబడుతుంది. కొన్ని నూతులకి సవరణ చేసి కొన్నిటికి మరిచిపోతేనే తంటా.

రెండోది, టేపు ఎక్కడినుంచి పట్టారు? నుయ్యి గట్టు నేలమీద 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉంటుంది. రికార్డులో కొన్ని లోతులు గట్టు పైనుంచి, కొన్ని నేల నుంచి రాసి ఉంటాయి. గట్టు మీద ఒకచోట పెయింటుతో గీత పెట్టి, ఎప్పుడు కొలిచినా ఆ గీత నుంచే కొలవాలి, ఎత్తు కూడా ఆ గీతకే తేవాలి. గట్టు గుండ్రంగా ఉన్నా ఒకపక్కకి కుంగి ఉంటుంది, నాలుగు వైపులా కొలిస్తే నాలుగు అంకెలు వస్తాయి. మోటారు తిరుగుతున్న నూతిలో కొలిచిన మట్టం టార్గెట్ కాదు. తెల్లవారుజామున, మోటార్లు వేయకముందు కొలవండి. అరగంట ఆగి మళ్లీ కొలిస్తే సెంటీమీటరుకు మించి మారకూడదు. పక్క పొలం బోరు కూడా ఆగి ఉండాలి.

మూడోది, ఆ నీరు ఏ లేయర్‌ది? 9 మీటర్ల నేల నుయ్యి మొదటి లేయర్‌తోనే పోల్చాలి. శిథిల పొర దాటేదాకా కేసింగ్ దించిన బోరు రెండో లేయర్‌ది. చిల్లుల కేసింగ్‌తో రెండింటి నీరూ కలిసే బోరుకు బరువు (పోలికలో ప్రాముఖ్యం) బాగా తగ్గించండి, వీలైతే తీసేయండి.

ఇక ప్రతి టార్గెట్‌కూ 'ఎంత తప్పినా పరవాలేదు' అన్న హద్దు ముందే రాసుకోవాలి. ఉదాహరణకు డెమ్ ఎత్తులో తప్పు 4 మీ, సెల్ లోపల వాలు వల్ల 1 మీ, కొలిచిన రోజు తేడా వల్ల 0.5 మీ అనుకోండి. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 4.15 మీ. డీజీపీఎస్‌తో ఎత్తు 0.1 మీటరుకి తెస్తే అదే లెక్క 1.12 మీటర్లకు దిగుతుంది. హద్దు 4.15 ఉన్నప్పుడు 3.1 ఆర్‌ఎంఎస్‌ఈ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఆ టార్గెట్లకు తీర్పు చెప్పే శక్తే లేదు. హద్దు 1.12 అయితే 3.1 స్పష్టంగా తప్పు.

మోడల్ అంకెలను తనంతట సరిచేసే పెస్ట్ ప్రోగ్రాంలో బరువు ఆ హద్దుకు విలోమం. అలా పెడితే బరువేసిన తేడాల వర్గాల మొత్తం సుమారుగా టార్గెట్ల సంఖ్య దగ్గర, అంటే 22 దగ్గర నిలవాలి. 150 వస్తే మోడల్ కుదరలేదు. 3 వస్తే హద్దులు మరీ వదులుగా రాశారు, లేదంటే ఎక్కువ పారామీటర్లు పెట్టి తప్పులకు కూడా మోడల్‌ని వంచేశారు.

సెల్ లోపలి వాలు చిన్న విషయం కాదు. కొండవార వాలు 0.01 ఉంటే 500 మీటర్ల సెల్ మధ్య నుంచి అంచుకి 2.5 మీటర్లు. మోడల్ మట్టాన్ని సెల్ కేంద్రంలో తీసుకోకుండా, చుట్టూ ఉన్న నాలుగు కేంద్రాల నుంచి నుయ్యి ఉన్న చోటికి ఇంటర్‌పొలేట్ చేయండి.

నెల్లిమర్ల_ఎంటెక్

ఇద్దరికీ ధన్యవాదాలు. బడ్జెట్ తేడా 0.02 శాతం, అది బాగానే ఉంది. నూతిగట్టు గారు చెప్పిన పరీక్షలో ఆర్‌ఎంఎస్‌ఈ 2.4 వచ్చింది, నా మోడల్ 3.1 కన్నా మెరుగు. సముద్రం వైపు మూడు టార్గెట్లు తీసేస్తే మోడల్ 3.3, ఆ పరీక్ష 2.5. ఎత్తులు డెమ్‌వే, డీజీపీఎస్ సర్వేకి ఏర్పాటు చేస్తున్నాను. మ్యాపులో మెంటాడ, గజపతినగరం వైపు ఏడు నూతులు వరసగా ప్లస్, నెల్లిమర్ల దిగువన ఎక్కువ మైనస్.

వాలు పెంచడానికి కండక్టివిటీ తగ్గించి చూశాను, కుదిరింది. కండక్టివిటీని మొదట్లో ఉన్నట్టే ఉంచి రీఛార్జి పెంచి చూశాను, అప్పుడూ దాదాపు అంతే కుదిరింది. ఈ రెంటిలో ఏది నిజమో మట్టాలు చెప్పడం లేదు. ఎలా తేల్చాలి మాస్టారూ?

గెడ్డవార

మట్టాలు చెప్పవు, చెప్పలేవు. స్టెడీ స్టేట్‌లో రీఛార్జిని రెండింతలు చేసి, కండక్టివిటీనీ రెండింతలు చేస్తే మట్టాలు ఇంచుమించు కదలవు. హెడ్ టార్గెట్ మీకు ఇచ్చేది రీఛార్జికీ కండక్టివిటీకీ ఉన్న నిష్పత్తి మాత్రమే. నూతులు 22 కాదు, 220 పెట్టినా అదే నిష్పత్తి వస్తుంది. నీటి పరిమాణం చెప్పే టార్గెట్ ఒకటి కావాలి, అది నదిలో ఉంది.

వానలు ఆగాక, జనవరి ఫిబ్రవరిలో చంపావతిలో పారేది చాలావరకు నేలలోంచి ఊరిన నీరే. కరెంట్ మీటర్ దొరక్కపోతే తేలుడు పద్ధతి చాలు. పది ఇరవై మీటర్లు తిన్నగా పారే చోటు చూసి, రెండు తాళ్లు అడ్డంగా కట్టి, ఎండు కొబ్బరి డొక్క వదిలి కాలం చూడండి. పాయ వెడల్పు 6 మీ, సగటు లోతు 0.15 మీ, పైనీటి వేగం సెకనుకి 0.3 మీ అనుకుంటే: 0.9 × 0.3 = 0.27, దాన్ని 0.85తో గుణిస్తే సెకనుకి 0.23 ఘనపు మీటర్లు. రోజుకి సుమారు 19,800 ఘనపు మీటర్లు. పైనీటి వేగం సగటు వేగం కన్నా ఎక్కువ కాబట్టే ఆ 0.85. ఎగువన ఆండ్ర రిజర్వాయర్ నుంచి వదిలిన నీరు ఉంటే అది తీసేయాలి. డెంకాడ ఆనకట్ట దిగువన కొలవకండి, కాలువలకు మళ్లాక మిగిలింది మాత్రమే అక్కడ కనిపిస్తుంది. రెండు చోట్ల ఒకే రోజు కొలిచి మధ్యలో ఎంత ఊరిందో చూస్తే ఇంకా గట్టి టార్గెట్ అవుతుంది. వచ్చి కలిసే గెడ్డల (వాగుల) నీరు అందులోంచి మినహాయించడం మరవకండి.

ఈ కొలతలో ఐదో వంతు తప్పు ఉంటుందనుకుని హద్దు 4,000 పెట్టుకుంటే బరువు 0.00025. నూతులకూ నదికీ ఒకే బరువు 1 ఇస్తే మాత్రం వేలల్లో ఉన్న నది తేడా మీటర్లలో ఉన్న నూతుల తేడాలను మింగేస్తుంది, పెస్ట్ నూతుల వంక చూడదు.

ఇప్పుడు మీ 1.8 మీటర్ల సంగతి. జూన్ నుంచి అక్టోబరు వాన లెక్కకు వీలుగా 1,000 మిల్లీమీటర్లు అనుకోండి. 9 శాతం అంటే 90 మి.మీ. దాన్ని 0.05తో భాగిస్తే 1.8 మీ. మోడల్ మీరు ఇచ్చిన అంకెల్నే తిరిగి చెప్పింది. రీఛార్జి 90 దగ్గరే ఉంచి 4.2 మీటర్లు రావాలంటే స్పెసిఫిక్ యీల్డ్ 0.021 ఉండాలి. వాన పడుతుండగానే కొంత నీరు గెడ్డల్లోకి జారిపోతుంది, కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే.

భూగర్భజల అంచనా కమిటీ 1997 నిబంధనలతో పోల్చి చూడండి. బంకమన్ను తక్కువున్న శిథిల గ్రానైట్, నైస్ పొరకు వానలో 11 శాతం, యీల్డ్ 3 శాతం: 110 ÷ 0.03 = 3.7 మీ. బంకమన్ను ఎక్కువుంటే 8 శాతం, 1.5 శాతం: 80 ÷ 0.015 = 5.3 మీ. మీ నూతుల 4.2 ఈ రెంటి మధ్య ఉంది. ఖొండలైట్ శిథిలమైతే తెల్ల సుద్దలాంటి బంకగా మారుతుంది కాబట్టి ఇది నమ్మదగ్గ అంకె. మీ 0.05 ఈ రాతికి చాలా ఎక్కువ.

వరస ముఖ్యం. నది ఊట రీఛార్జిని చెబుతుంది. రీఛార్జి నిలిచాక నీటివాలు కండక్టివిటీని చెబుతుంది. ఆ తర్వాత వానాకాలపు పెరుగుదల స్పెసిఫిక్ యీల్డ్‌ని చెబుతుంది. మూడింటినీ ఒకేసారి వదిలేస్తే ఒకదాని తప్పుని ఇంకొకటి కప్పేస్తుంది.

చెరువులను విడిగా పెట్టారా? మన వైపు ఊరికో చెరువు. అదే కమిటీ లెక్క ప్రకారం నీరు పరుచుకున్న సగటు వైశాల్యం మీద రోజుకి 1.4 మి.మీ. ఇంకుతుంది. 40 హెక్టార్ల చెరువుకి రోజుకి 560 ఘనపు మీటర్లు, నాలుగు నెలలు నిలిస్తే 67,000 పైన. చెరువు కింద ఉన్న నుయ్యిలో తేడా ఎప్పుడూ ప్లస్ వస్తుంటే ముందు దీన్నే అనుమానించండి.

నూతిగట్టు

గెడ్డవార గారి లెక్కకు ఒక చేర్పు. నెలవారీ పోలికకు మట్టాలు కాకుండా మార్పులు వాడండి: ప్రతి నుయ్యికీ దాని మే నెల మట్టం నుంచి ఎంత లేచిందన్నది. రెండు కొలతలకూ ఒకే గీత, ఒకే ఎత్తు కాబట్టి డెమ్ తప్పు పూర్తిగా రద్దవుతుంది. డీజీపీఎస్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈ టార్గెట్లకు హద్దు 0.3 నుంచి 0.5 మీ పెట్టుకోవచ్చు. పెస్ట్‌లో వీటిని వేరే గ్రూపుగా ఉంచండి.

మే, నవంబరు రెండు కొలతలే ఉంటే శిఖరం ఏ నెలలో వచ్చిందో తెలియదు. ఆటోమేటిక్ రికార్డరు ఉన్న పీజోమీటర్లు నాలుగు దొరికినా చాలు, నెల నెలా పోల్చండి. శిఖరం ఎత్తు సరిపోయి నెల ఆలస్యమైతే స్పెసిఫిక్ యీల్డ్ కాదు, నీరు కిందికి దిగే కాలం చూడాలి. ఎండాకాలం తగ్గుదల వేగం కూడా చూడండి: వర్షాకాలం బాగా కుదిరి ఫిబ్రవరి నుంచి మోడల్ నెమ్మదిగా దిగుతుంటే రబీ పంపింగ్ తక్కువ రాసినట్టే.

పల్లపు నూతుల్లో పెరుగుదల ఒకచోట ఆగిపోతుంది. నీరు నేల పైకి వచ్చేసరికి వరి మళ్లలోకి, గెడ్డలోకి పోతుంది. మోడల్‌లో డ్రెయిన్ గానీ బాష్పీభవనం గానీ పెట్టకపోతే అక్కడ నీరు నేల దాటి పైకి పోతూనే ఉంటుంది. ఆ నూతులను సగటులో కలిపి 4.2 అనకండి, ఎగువ, దిగువ విడివిడిగా రాయండి.

తుపాను సంవత్సరాలు వేరు చేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది, ఆ నవంబరు మట్టం మామూలు వర్షాకాలపు మట్టం కాదు. కుండపోతలో ఎక్కువ భాగం పైనుంచే పోతుంది, 9 శాతం లెక్క అక్కడ పనిచేయదు. 2018 తిత్లీ తుపాను వాన శ్రీకాకుళం జిల్లా ఉత్తరాన దంచింది. అటువైపు వాన గేజీ అంకెలు చంపావతికి వేయకండి, మండలం వారీ గేజీలు తీసుకోండి.

నెల్లిమర్ల_ఎంటెక్

స్పెసిఫిక్ యీల్డ్ 0.02కి తెచ్చి ఒకసారి నడిపాను, సగటు పెరుగుదల 3.9 మీ వచ్చింది. పంపింగ్ ఇంకా సరిచేయలేదు. చివరిగా ఒక ప్రశ్న: వ్యాలిడేషన్‌కి (సరిచేశాక చేసే పరీక్షకు) కొన్ని నూతులు పక్కన పెట్టాలా, కొన్ని సంవత్సరాలా?

డంపీలెవెల్

సంవత్సరాలే. పక్క పక్క నూతులు ఒకేలా కదులుతాయి, ఒకటి వాడి దాని పక్కది దాచినా కొత్త పరీక్ష కాదు. మామూలు వానలు పడిన సంవత్సరాల మీద సరిచేసి, ఒక కరువు సంవత్సరం, ఒక తుపాను సంవత్సరం ముట్టుకోకుండా ఉంచండి. రిపోర్టులో ఒకే ఆర్‌ఎంఎస్‌ఈ రాయకుండా మే మట్టాలు, పెరుగుదలలు, నది ఊట అని మూడు వరసలు వేసి, ఒక్కోదానికి హద్దు, సగటు తేడా, ఆర్‌ఎంఎస్‌ఈ, నేల ఎత్తు పరీక్షలో వచ్చిన అంకె పక్కపక్కన పెట్టండి. డీజీపీఎస్ ఎత్తులు వచ్చాక ముందు మెంటాడ వైపు ఆ ఏడు నూతులే మళ్లీ చూడండి. ప్లస్ అలాగే నిలిస్తే అప్పుడు కండక్టివిటీ జోన్‌ని అక్కడ విడదీయవచ్చు, అంతకుముందు వద్దు.